చీరలమ్మే ఆన్‌లైన్ షాపుకి గూగుల్ సెర్చ్ కన్సోల్ ఎంతవరకు పనికొస్తుంది: వాడి చూశాక నా రివ్యూ

మేము మంగళగిరి చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్స్ ఆన్‌లైన్‌లో అమ్ముతాం, చిన్న షాపే. యాడ్స్‌కి డబ్బులు పెట్టినన్నాళ్ళు ఆర్డర్లు వస్తాయి, ఆపిన రోజు ఆగిపోతాయి, పైగా చేనేత మీద మిగిలేదే తక్కువ, అందులో సగం యాడ్స్‌కే పోతే ఇంక నేసినవాళ్ళకి ఏం ఇస్తాం మనం ఏం తింటాం. అందుకే గూగుల్‌లో ఎవరైనా మామూలుగా వెతికినప్పుడు మన షాపు పైకి రావడం మాలాంటోళ్ళకి చాలా ముఖ్యం. దానికోసం రకరకాల టూల్స్ చూశాను, నెలనెలా డబ్బులు కట్టేవి కూడా, కానీ చివరికి రోజూ తెరిచేది మాత్రం ఫ్రీగా వచ్చే గూగుల్ సెర్చ్ కన్సోల్ ఒక్కటే, అంటే మన సైట్ గూగుల్ వెతుకులాటలో ఎలా కనపడుతోందో సైట్ ఓనర్‌కి గూగుల్ చూపించే టూల్. ఇదివరకు దీన్నే వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవాళ్ళు, 2015లో పేరు మార్చారు.

అసలు బంగారమంతా పర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో ఉంది. జనం ఏ మాటలు టైప్ చేస్తే మన పేజీ కనపడింది, ఎంతమంది నొక్కారు, సగటున ఏ స్థానంలో ఉన్నాం, ఇవన్నీ ఇందులో చూపిస్తుంది. మిగతా టూల్స్ చెప్పేవి అంచనాలు, ఇది గూగుల్ దగ్గర నమోదైన లెక్క. మన ఊరి పేరు మనం మంగళగిరి అనే రాస్తాం కదా, బయటి రాష్ట్రాలోళ్ళు మంగల్‌గిరి అని కొట్టి వెతికేవాళ్ళు బోలెడంతమంది. నిజాం బార్డర్ అని వెతికేవాళ్ళు వేరే, బ్లౌజ్‌తో వస్తుందా అని వెతికేవాళ్ళు వేరే, ఉతికితే రంగు పోతుందా అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారండి! ఇలాంటి ప్రశ్నలు దొరికితే వాటికి జవాబు మన పేజీలోనే రాసేయొచ్చు. ఎనభై కౌంట్ నూలా, జరీ ఎలాంటిది, గుంట మగ్గం మీద నేసిందా, పొడవెంత, మొదటిసారి ఎలా ఉతకాలి, ఇవి రాసిన పేజీలు మెల్లగా పైకొచ్చాయి. హోల్‌సేల్ వాళ్ళు వాట్సాప్‌లో పంపిన నాలుగు లైన్లనే యాభై షాపులు అలాగే పెట్టుకుంటే గూగుల్ వాటిలో మనదే ఎందుకు పైన చూపించాలి చెప్పండి.

ఇందులో నేను ఎక్కువ వాడేది పొజిషన్ ఫిల్టర్. ఎనిమిది నుంచి ఇరవై మధ్యలో ఉన్నవి, ఇంప్రెషన్స్ (అంటే వెతికినోళ్ళకి కనపడిన సార్లు) ఎక్కువ ఉండి క్లిక్స్ తక్కువ ఉన్నవి తీసి ముందు వాటి మీదే పనిచేస్తాను, ఎందుకంటే ఎనభయ్యో స్థానంలో ఉన్నదాన్ని లాగడం కన్నా గుమ్మం దాకా వచ్చిన చుట్టాన్ని లోపలికి పిలవడం తేలిక. టైటిల్ సరిచేయడం, ఫోటోల కింద సరైన వివరం రాయడం, మన సైట్‌లోనే వేరే పేజీల నుంచి దానికి లింకులు ఇవ్వడం, అంతే. అంతా చేశాక ఓపిక పట్టాలి, మార్పులు చేసి వాటి ఫలితం కనపడటానికి మొత్తం నాలుగు నెలల నుంచి ఏడాది పట్టొచ్చని గూగుల్ వాళ్ళే చెప్తారు.

ఈ రిపోర్ట్‌లో డేటా పదహారు నెలలు మాత్రమే ఉంచుతారు. మన సీజన్ల లెక్కకి ఇది బొటాబొటీ. శ్రావణమాసం అమ్మకాలు పోల్చాలంటే ఆటోమేటిక్‌గా వచ్చే పోయినేడాది పోలికని నమ్మకండి, వరలక్ష్మీ వ్రతం 2024లో ఆగస్టు 16న వచ్చింది, 2025లో ఆగస్టు 8కే వచ్చేసింది, అదే తారీఖులు పక్కపక్కన పెడితే బాగా పెరిగినట్టో పడిపోయినట్టో తప్పుగా కనపడుతుంది. తారీఖులు మనమే పెట్టుకుని పండక్కి ముందు మూడు వారాలు ఆ ఏడాదివి ఈ ఏడాదివి చూసుకోవాలి. పాతవి కావాలంటే అప్పుడప్పుడు షీట్‌లోకి దింపుకోండి. టేబుల్‌లో వెయ్యి వరసలకి మించి చూపించదు, చాలా తక్కువమంది వెతికిన మాటలు ప్రైవసీ కోసం దాచేస్తారు, అందుకే కింద లైన్లు కూడితే పైన టోటల్‌తో కలవదు, కంగారు పడక్కర్లేదు.

రెండోది పేజీ ఇండెక్సింగ్ రిపోర్ట్, అంటే మన పేజీల్లో ఏవి గూగుల్ తన లిస్ట్‌లో పెట్టుకుంది, ఏవి పెట్టుకోలేదు అని చూపించేది. చేనేతోళ్ళకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది, మన దగ్గర చాలా చీరలు ఒకే పీసు. అమ్ముడుపోగానే పేజీ డిలీట్ చేస్తే నాట్ ఫౌండ్ పేజీలు పెరిగిపోతాయి, దానికి ఎవరన్నా ఇచ్చిన లింకు విలువ కూడా పోతుంది. ఖాళీగా సోల్డ్ అవుట్ అని వదిలేస్తే సాఫ్ట్ 404 అని, అంటే పేజీ తెరుచుకున్నా లోపల సరుకేం లేనట్టే లెక్కేసి, పక్కన పెట్టే అవకాశముంది. నాకు కుదిరిన పద్ధతి ఏంటంటే ఒక్కో చీర పేజీ మీద ఆశ పెట్టుకోకుండా, నిజాం బార్డర్ చీరలు, ప్లెయిన్ కాటన్, డ్రెస్ మెటీరియల్ అని ఎప్పుడూ ఉండే కలెక్షన్ పేజీలు బలంగా కట్టుకోవడం, మళ్ళీ రాని పీసు అయితే దాని అడ్రస్‌ని ఆ కలెక్షన్‌కి పర్మనెంట్‌గా రీడైరెక్ట్ చేయడం (పాత అడ్రస్ నొక్కినా కొత్త పేజీకి వెళ్ళేలా), మళ్ళీ నేయించేదైతే పేజీ అలాగే ఉంచి స్టాక్ లేదని సరిగ్గా మార్క్ చేయడం. ఆన్‌లైన్ షాపులు కట్టుకునే షాపిఫైలో ఒకే చీరకి కలెక్షన్ దారిలో ఇంకో అడ్రస్ కూడా వస్తుంటుంది, కన్సోల్‌లో డూప్లికేట్ అనో ఆల్టర్నేట్ పేజీ అనో చూపిస్తే అది ఎక్కువసార్లు తప్పు కాదు, కానానికల్, అంటే వాటిలో అసలు అడ్రస్‌గా లెక్కేసేది, సరిగ్గా ఉందో లేదో ఒక్కో పేజీని విడిగా చూపించే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఒకసారి చూస్కుంటే చాలు.

నచ్చనివి కూడా చెప్పాలి. క్రాల్డ్ కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్ అని చూపిస్తుంది, అంటే గూగుల్ వచ్చి చూసింది కానీ లిస్ట్‌లో పెట్టలేదు, ఎందుకు పెట్టలేదో ఒక్క ముక్క చెప్పదు. కొత్తగా షాపు పెట్టినోళ్ళు ఇక్కడే డీలా పడిపోతారు, ఆ బాధ నాకు బాగా తెలుసు. లిస్ట్‌లో పెట్టమని అడిగే రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్ నొక్కితే వెంటనే వచ్చేస్తుందని లేదు, రోజుకి కొన్ని పేజీలకే ఛాన్స్ కూడా. స్పీడ్ చూపించే కోర్ వెబ్ వైటల్స్ రిపోర్ట్ నిజంగా క్రోమ్‌లో సైట్ చూసినోళ్ళ డేటా మీద నడుస్తుంది, అందుకని చిన్న షాపులకి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. దానికోసం ఎదురుచూడకుండా ఫోన్‌లో తీసిన పెద్ద పెద్ద ఫోటోలు సైజు తగ్గించి పెట్టండి, పేజీలో పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనపడాలి, చీరల సైట్లు నెమ్మదించేది చాలావరకు ఫోటోల వల్లే.

మర్చంట్ లిస్టింగ్స్ రిపోర్ట్ మాత్రం బాగా నచ్చింది, ధర, స్టాక్, డెలివరీ, రిటర్న్ వివరాలు కోడ్‌లో సరిగ్గా ఉన్నాయో లేదో ఏది మిస్ అయిందో పేజీ వారీగా చూపిస్తుంది. పక్కనే మర్చంట్ సెంటర్‌లో (అమ్మే సరుకుల వివరాలు గూగుల్‌కి ఇచ్చే చోటు) కూడా పెట్టుకుంటే ఫ్రీ లిస్టింగ్స్ వస్తాయి, అంటే డబ్బులు కట్టకుండానే మన సరుకు గూగుల్‌లో కనపడుతుంది, చేనేతకి బార్‌కోడ్ ఉండదు కదా అని ఆగిపోకండి, లేదని చెప్పే ఆప్షన్ ఉంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది కారణాలు చెప్పనందుకు.

సైట్‌ని గూగుల్‌లో పైకి తెచ్చే పని ఏ ఏజెన్సీకైనా అప్పజెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. మూడు నెలల్లో ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ అని ఫోన్లు చేసేవాళ్ళు చాలామందే ఉంటారు, అలా గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన గైడ్‌లోనే రాసింది, డబ్బులిచ్చి లింకులు కొనడం వాళ్ళ రూల్స్‌కి విరుద్ధం కూడా. అందుకని సైట్ మనదేనని కన్సోల్‌కి రుజువు చేయడానికి డొమైన్ డీఎన్ఎస్‌లో (సైట్ పేరు కొన్న చోట ఉండే సెట్టింగ్స్) టెక్స్ట్ రికార్డ్ పెట్టి వెరిఫై చేసేది మీ సొంత జీమెయిల్‌తోనే చేయండి, ఓనర్ మీరే ఉండండి. ఏజెన్సీకి సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ పర్మిషన్స్ దగ్గర ముందు రెస్ట్రిక్టెడ్ (చాలావరకు చూడటానికే) ఇవ్వండి, పనిచేస్తున్నారని నమ్మకం కుదిరాక ఫుల్ చేయొచ్చు, వాళ్ళతో పని అయిపోయిన రోజే తీసేయండి.