గండికోట – బెలుం – వేంపల్లి: దారిలో దొరికిన రాయి శిలాజమేనా?

గండికోట లోయ అంచున నడిచేవాళ్ళు తరచూ ఎర్రటి బండమీద మొసలి వెన్నులాంటి గాట్లు చూసి, శిలాజమేమో (రాయిగా మారిన ప్రాచీన జీవి ఆనవాలేమో) అనుకుని ఆగిపోతారు. అవి అలల గుర్తులు. లోతు తక్కువ నీటి అడుగున ఇసుక అలా గట్టు గట్టుగా పేరుకుని రాయిగా మారింది. తాబేలు డిప్పలా కనిపించేవి బురద ఎండి పగిలిన బీటల ముద్రలు. కడప–కర్నూలు రాళ్ళలో ఏది దొరికినా ముందు అడగాల్సింది దాని రూపం గురించి కాదు, దాన్ని పట్టుకున్న రాయి వయసు గురించి. ఇక్కడి పొరలు దాదాపుగా అన్నీ 54 కోట్ల ఏళ్ళకు ముందువి. అప్పటికి ఎముక లేదు, ఆకు లేదు. ఈ ఒక్క లెక్కతో సగం అనుమానాలు తీరిపోతాయి. జియలాజికల్ సర్వే వారి భూకోశ్ వెబ్‌సైట్‌లో ఆ చోటి పటం తెరిస్తే రాతి పొర పేరు తెలుస్తుంది. లోయ దగ్గర సిగ్నల్ నమ్మదగింది కాదు, బయల్దేరే ముందే చూసుకోవాలి.

అందరినీ మోసం చేసేది మాత్రం బెలుం, బేతంచెర్ల వైపు నాపరాళ్ళలోని నల్లటి ‘ఫెర్న్ ఆకు’. బండను పొర విడదీయగానే అచ్చం మొక్కలా కొమ్మలు వేసి ఉంటుంది. దాని పేరు డెండ్రైట్. సన్నటి పగుళ్ళలోకి ఇంకిన నీటిలోని మాంగనీసు ఆక్సైడుగా పేరుకున్న మరక అది. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో మూడు సంగతులు చూడాలి. నిజమైన ఆకుకు నడి ఈనె ఉంటుంది, రెండు వైపులా రెబ్బలు ఒక క్రమంలో ఉంటాయి. డెండ్రైట్ కొమ్మలు ఇష్టమొచ్చినట్టు చీలుతూ పోతాయి. డెండ్రైట్ చాలాసార్లు పగులు అంచునుంచే మొదలవుతుంది. పైగా అది ఆ తలానికే పరిమితం, రాయి లోపలికి మందం ఉండదు. బండలు కోసే చోట విరిగిన ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి, యజమానిని అడిగి అక్కడే పోల్చి చూడొచ్చు. మంచి బండను సుత్తితో కొట్టాల్సిన పని లేదు.

బెలుం గుహ పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచింది దాదాపు కిలోమీటరున్నర. లోపల ఉక్కపోత ఎక్కువ, నూలు బట్టలు మేలు. గుహ చూడదగ్గదే గాని శిలాజాల కోసం వెళ్ళేది కాదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల సంగతి వేరు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు అక్కడి మట్టిలో మంచుయుగం నాటి జంతువుల ఎముకలు తవ్వి తీశారు. సున్నపురాయి పాతది, గుహలో చేరిన మట్టి కొత్తది. అందుకే అక్కడ ఎముక సాధ్యం. ఎముకైతే విరిగిన చోట స్పాంజిలా సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. ఎవరైనా అక్కడ తవ్వితే మాత్రం ఏ పొరలోంచి వచ్చిందన్న ఆధారం పోతుంది. అది పోయాక ఎముకకు విలువ పెద్దగా మిగలదు.

అసలు శిలాజం కావాలంటే వేంపల్లికి వెళ్ళాలి. కడప–పులివెందుల బస్సు ఆ ఊరిమీదుగానే పోతుంది. అక్కడి డోలమైటులో (మెగ్నీషియం కలిసిన, సున్నపురాయిలాంటి రాయిలో) స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల తెట్టెలు పొరమీద పొరగా కట్టిన కట్టడాలవి, 188 కోట్ల ఏళ్ళకంటే పాతవి. పైనుంచి చూస్తే ఉల్లిగడ్డ కోసినట్టు వలయాలు, పక్కనుంచి చూస్తే పైకి ఉబ్బిన పలుచని పొరలు. ఇసుకరాయిలోని ఇనుప మరకలు కూడా వలయాలుగానే ఉంటాయి, కాని అవి రాతి పొరలను అడ్డంగా కోసుకుంటూ పోతాయి. చూడటానికి లోయంత అందం లేదు, టికెట్టూ లేదు, బోర్డూ లేదు. అందుకే జనం వాటిని తొక్కుకుంటూ పోతారు.

రాయేదో తేల్చుకోవడానికి ఒక విడి ముక్క చాలు. చాకుతో గీస్తే గీత పడేది సున్నపురాయి లేదా డోలమైటు. పలుగురాయికి పడదు, చాకు లోహమే దానిమీద మిగులుతుంది. తర్వాత నిమ్మరసం లేదా వెనిగర్ చుక్క వేయాలి. సున్నపురాయి వెంటనే బుడగలు వేస్తుంది. డోలమైటు ముక్కగా ఉంటే ఊరుకుంటుంది, పొడి చేస్తే నెమ్మదిగా పొంగుతుంది. శిలాజం అనుమానం ఉన్న భాగంమీద మాత్రం చుక్క పడకూడదు.

బసకు గండికోటలో టూరిజం వారి హరిత హోటల్ కోటకు దగ్గర, వారాంతాల్లో ముందే నిండిపోతుంది. లోయ అంచు గుడారాలు సూర్యోదయానికి బాగుంటాయి గాని, రాళ్ళ పనిమీద వచ్చినవారికి అవి దండగ: మరుగుదొడ్డి, చార్జింగ్ రెండూ ఉన్నాయో లేదో ముందే అడగాలి. సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగు లాడ్జి చవక, భోజనమూ దొరుకుతుంది. బెలుం కోసమైతే తాడిపత్రిలో దిగడం మేలు. నవంబరునుంచి ఫిబ్రవరి లోపే రావాలి. ఎండాకాలంలో ఆ బండలమీద చెయ్యి ఆనదు.

ఏదైనా దొరికితే కదపకుండా ఫొటోలు తీయాలి: దూరంనుంచి ఒకటి, దగ్గరనుంచి పైనా పక్కనా రెండు, ఏటవాలు ఎండలో ఒకటి. కొలతకు పది రూపాయల నాణెం పక్కన పెడితే చాలు, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. అక్షాంశ రేఖాంశాలు, రాయి పాతుకుని ఉందా దొర్లి వచ్చిందా అన్నదీ రాసి, హైదరాబాదు బండ్లగూడలోని జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయానికో, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జియాలజీ విభాగానికో పంపొచ్చు. దొర్లి వచ్చిన రాయైతే వాగు ఎగువన అదే రంగు పొర ఎక్కడుందో ఆ ఫొటో కూడా జతచేయాలి.