జీతాల సర్వే లెక్క: కంపెనీకో ఓటా, మనిషికో ఓటా?

ఒడిశాలోని రాయగడలో ఒక చిన్న యూనిట్‌కి లెక్కలు రాస్తాను. ఎలక్ట్రీషియన్‌కి బయట ఎంత ఇస్తున్నారో కనుక్కోమని మా ఓనరు గారు అడిగినప్పుడల్లా ఐదారు చోట్లకి ఫోన్లు చేసి, అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుని, సగటు కట్టి చెప్పేసేవాణ్ణి. ఆ సగటు కట్టే పద్ధతిలోనే ఒక మనిషి జీతం తేలిపోతుందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఉదాహరణకి ఐదు చోట్ల అడిగాం అనుకుందాం. పెద్ద మిల్లులో 40 మంది, తలకి 24,000. మిగతా నాలుగూ చిన్నవి: ఒకచోట ముగ్గురికి 15,000, ఇంకోచోట ఇద్దరికి 14,000, మరోచోట నలుగురికి 16,000, చివరిదాంట్లో ఒక్కడే, వాడికి 13,000. కంపెనీకి ఒక ఓటు వేస్తే సగటు 16,400. మనిషికి ఒక ఓటు వేస్తే 22,200. అవే ఫోన్లు, అవే అంకెలు, తేడా మాత్రం 5,800.

ఏది మేలు? ఈ ఊళ్లో ఎలక్ట్రీషియన్లు మొత్తం మీద ఎంత సంపాదిస్తున్నారో తెలియాలంటే మనిషి లెక్కే సరైనది. కానీ మాలాంటి చిన్న యూనిట్‌కి అది పనికిరాదు, ఎందుకంటే 50 మందిలో 40 మంది ఒక్క మిల్లువాళ్లే అయినప్పుడు ఆ 22,200 అనేది బజారు రేటు కాదు, ఆ మిల్లు జీతాల పట్టికే. అమెరికాలో ఆరోగ్య రంగానికి 1996లో ఇచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాల్లో సర్వేకి కనీసం ఐదు సంస్థలు డేటా ఇవ్వాలి, ఏ ఒక్క సంస్థ బరువూ 25 శాతం దాటకూడదు, డేటా మూడు నెలలైనా పాతదై ఉండాలి అని ఉండేది. 2023లో వాటిని వెనక్కి తీసుకున్నారు గానీ, ఆ 25 శాతం గీత నాకు ఇప్పటికీ మంచి కొలతే అనిపిస్తుంది. మన లెక్కలో మిల్లు బరువు 80 శాతం మరి!

నా ఓటు ఐదు కంపెనీల జీతాల్నీ తక్కువనుంచి ఎక్కువకి పేరిస్తే నడిమిన వచ్చే అంకెకి, అంటే 15,000కి. రేపు మిల్లు 30,000 చేసినా అది కదలదు. కదలకపోవడమే దాని లోపం కూడా, ఎందుకంటే మిల్లులో ఖాళీ పడిందంటే మన మనిషి మర్నాడే వెళ్లిపోతాడు. అందుకే మిల్లు అంకెని సగటులో కలపకుండా పక్కన విడిగా రాసుకుంటాను.

ఊరి సంగతి ఇంకోటి. ఒడిశా మొత్తానికి కట్టిన సగటు మాకు అంతగా అతకదు. మా కుర్రాళ్లు భువనేశ్వర్ వైపు చూడరు, రైలెక్కితే విజయనగరం, విశాఖపట్నమే. కాబట్టి అచ్చేసిన రాష్ట్ర రిపోర్టు కన్నా పార్వతీపురంలో మాలాంటి రెండు యూనిట్ల అంకెలకే నేను ఎక్కువ బరువు ఇస్తాను.

ఏ పద్ధతి పట్టుకున్నా ముందు అంకె సరైనదేనా చూడాలి. ఒకాయన ఫోన్లో "20 వేలు అన్నయ్యా" అన్నాడు. జీతం స్లిప్ పంపమంటే అది సీటీసీ, అంటే ఆ మనిషి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. బేసిక్ 15,000 మీద కంపెనీ వాటా పీఎఫ్ 1,800, అతని వాటా ఇంకో 1,800, రెండూ పోతే చేతికొచ్చేది 16,400. అప్పటినుంచి స్లిప్ చూడకుండా ఏ అంకే నోట్‌బుక్‌లో ఎక్కించడం లేదు.