2158: ఆరేళ్ల వైరు మీటరుతో నా గొడవ

ఈ వైరు సైకిల్ కంప్యూటర్ (చక్రం చుట్లు లెక్కపెట్టి దూరం చూపే మీటరు) కొని ఆరేళ్లవుతోంది. వానలో నానింది, రెండుసార్లు కిందపడింది, అయినా పనిచేస్తోంది. నా కోపమంతా ఒక్కదాని మీదే: బ్యాటరీ తీస్తే చాలు, చక్రం కొలత, అంటే ఒక్క చుట్టుకి ఎన్ని మిల్లీమీటర్లు పోతుందో ఆ అంకె, మరిచిపోతుంది.

కిందటేడు హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్), పదమూడున్నర గంటల గడువు. ముందురాత్రి కొత్త సీఆర్2032 బిళ్ల వేశాను. టైమ్ అడిగింది, పెట్టాను. చక్రం సంగతి అడగలేదు, చప్పుడు చెయ్యకుండా 2096కి పోయి కూర్చుంది. అది 23 సైజు టైరు కొలత. నావి 35లు. వికారాబాద్ దాటాక 87.4 దగ్గర ఎడమకి తిరగాలని రూట్ షీటు. ఆ మలుపు దాటేసరికి నా మీటరు 84.9 చూపిస్తోంది. ఇంకా రెండున్నర ఉందిలే అని ఎదురుగాలిలో తొక్కుకుంటూ పోయాను. 87.4 వచ్చింది, చుట్టూ పత్తిచేలు. టీకొట్టు పెద్దాయన్ని అడిగితే "గది ఎన్కనే పోయింది గద బిడ్డా" అన్నాడు. రానూపోనూ ఐదు కిలోమీటర్లు దండగ. తర్వాతి కంట్రోల్‌కి (గడువులోగా చేరాల్సిన చెక్‌పాయింటు) తొమ్మిది నిమిషాలు మిగుల్చుకుని చేరాను.

కొన్న కొత్తలో మా ఆదివారం బ్యాచ్‌కి "కాగితం చూసి ఐదు నిమిషాల్లో సెట్ చేసుకోవచ్చు" అని గొప్పగా చెప్పాను. మీటరుతో వచ్చిన ఆ కాగితంలో నా టైరు సైజు 700×35కి 2168 అని ఉంటుంది. అదీ నా టైరుకి సరిగ్గా సరిపోదని ఆ రైడ్ అయ్యాకే తెలిసింది. టైరులో ఎప్పుడూ కొట్టించే గాలే కొట్టించి, ముందు టైరు మీద తడి ముగ్గుపిండితో చుక్క పెట్టి, సెల్లార్‌లో సీటు మీద కూర్చుని తిన్నగా నడిపాను. మా అమ్మాయి వెనక పట్టుకుంది. (వాచ్‌మన్: "సారూ, సంక్రాంతికి ఇంకా టైముంది గదా!") నేల మీద పడిన చుక్కల్లో మొదటి దాని నుంచి నాలుగోదానికి టేపు పెడితే 6474 మిల్లీమీటర్లు. మూడో వంతు 2158. ఖాళీ సైకిల్‌ని నడిపిస్తే 2170 దాకా వచ్చింది. మన బరువుకి టైరు అణుగుతుంది కదా. పది మిల్లీమీటర్లే అనుకోవద్దు, 200 కిలోమీటర్లకి అది దాదాపు ఒక కిలోమీటరు.

2158 పెట్టాక వెళ్లిన 200లో షీటుకీ మీటరుకీ మూడొందల మీటర్లు కూడా తేడా రాలేదు. ఆ సంతోషం మాత్రం నిజం.

జీపీఎస్ ఉన్నవాళ్లకి ఇదంతా ఎందుకో అర్థం కాదు, వాళ్లు కొననక్కర్లేదు. టైర్లు తరచూ మార్చేవాళ్లకీ వద్దంటాను, ఇందులో ఒక్క కొలతే ఉంటుంది. చార్జింగ్ గొడవ గిట్టదు, చత్వారం వచ్చిన కళ్లకి పెద్ద అంకెలు కావాలి, కాబట్టి నాకు సరిపోతోంది. బ్యాటరీ మూత లోపల మా అమ్మాయి గోళ్లరంగుతో 2158 అని రాసింది. మొన్న తీసి చూస్తే 8 సగం చెరిగిపోయి 3లా కనిపిస్తోంది.