ఆరేళ్లుగా ఆన్‌లైన్ నోటీసులు: నాకు రాని ఆ ఒక్క అలర్టు

ప్రభుత్వ నోటీసులు ఆన్‌లైన్లో చూడటం మొదలుపెట్టి ఆరేళ్లయింది. రిజిస్ట్రేషన్, లాగిన్ అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. నాకు బాగా నచ్చిందీ, చివరికి నన్ను ముంచిందీ ఒకటే, అలర్టు. సర్వే నంబరో వీధి పేరో ఇచ్చి పెట్టుకుంటే, ఆ మాట ఉన్న నోటీసు పెట్టిన రోజే మెయిల్ వస్తుంది. పన్ను సవరణ ముసాయిదా ఒకటి అలాగే తెలిసి గడువులోపే అభ్యంతరం వేశాను. ఆ ఊపులో, ఇక కాగితం నోటీసులు ఎత్తేసినా నష్టం లేదని కనబడినవాళ్లందరితో వాదించాను. యూరోపియన్ యూనియన్ అధికారిక పత్రికకు 2013 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ ప్రతే అసలు ప్రతి, ఇంకా భయమెందుకు అనేవాణ్ణి.

పోయినేడాది మా ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేస్తామని నోటీసు పెట్టారు. అలర్టు రాలేదు. టేపు పట్టుకుని కొలిచి, మా ప్రహరీ మీద ఎర్ర రంగుతో గీత గీస్తుంటే తెలిసింది. సైట్లో మా సర్వే నంబరు కొడితే ‘ఫలితాలు లేవు’ అని వచ్చింది. తేదీల వారీగా ఒక్కో ఫైలూ తెరుచుకుంటూ పోతే రాత్రి పదకొండింటికి దొరికింది. ఫైలు పేరు ‘స్కాన్ 0047’. టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టి, ముద్ర కొట్టి, స్కానర్లో వంకరగా పెట్టి ఎక్కించేశారు. మా నంబరు చివరి అంకె సగం ముద్ర కింద ఉంది. అక్షరాల మీద వేలు నొక్కి పట్టుకున్నాను, ఒక్క మాటా సెలెక్ట్ కాలేదు. అదంతా ఒక ఫొటో. వెతకడానికి అందులో అక్షరమే లేనప్పుడు అలర్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? అభ్యంతరాల గడువు దాటి అప్పటికే 12 రోజులు.

ఆఫీసులో అడిగితే “పబ్లిష్ చేశాం కదండీ, తేదీ కూడా ఉంది చూడండి” అన్నారు. ఉంది, నిజమే. ఆలస్యంగా ఇచ్చిన అర్జీ తీసుకున్నారు గానీ మాటేమీ ఇవ్వలేదు. అదే కాగితం వీధి చివర స్తంభానికి అంటించి ఉంటే, పొద్దున్నే నడకకు వెళ్లే మా నాన్నగారు చదివేవారు. గోడ మీద ఏ కాగితం కనబడినా నిలబడి చదవడం ఆయనకు అలవాటు.

అలర్టు మంచిదనే ఇప్పటికీ అంటాను, కాకపోతే టైపు చేసిన ఫైలునే నేరుగా పీడీఎఫ్‌గా మార్చి డిజిటల్ సంతకంతో పెట్టే ఆఫీసుల వరకే. ఆ సంతకం ఉంటే తర్వాత ఒక్క అక్షరం మార్చినా బయటపడుతుంది, ఆ మేరకు కాగితం కంటే మేలే. స్కాన్లు ఎక్కించే చోట మాత్రం అలర్టును నమ్ముకుని కూర్చోవద్దు, వారానికోసారి జాబితా మొత్తం తిరగెయ్యండి. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం కాబట్టి నాకు కుదురుతోంది. చూపు ఆనని పెద్దవాళ్లకు, ఫోనే లేనివాళ్లకు బోర్డు మీద కాగితం ఉండి తీరాలి. మా ప్రహరీ సంగతి ఇంకా తేలలేదు. అర్జీ ఒప్పుకుంటే నా కోపం కొంత తగ్గుతుందేమో.