అ ఆలతో మొదలా, ‘వల’తో మొదలా: ఒకటో తరగతికి ఏది మేలు?

జూన్‌లో బడి తెరిచిన నెలకే ఈ ప్రశ్న మొదలవుతుంది. “మా గుంటడికి ఇంకా అ ఆలు రానేదేటి మేస్టారూ?” ఈ ఏడు మరీ ఎక్కువగా అడిగారు. బడి గేటు దగ్గర, ఆటోలో, రేషన్ లైన్లో, ఎక్కడ కనిపించినా ఇదే మాట. పదమూడేళ్లు ఒకటో తరగతికి వర్ణమాల వరసలోనే చెప్పి, ఈసారి పదాలతో మొదలుపెట్టాను కదా, తల్లిదండ్రులకు టెన్షన్ ఉండటంలో తప్పులేదు. మా బడి శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం వైపు, సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊళ్లో ఉంది.

వర్ణమాల పద్ధతిని నేను తక్కువ చేయను. అది ఇంట్లో తాతకూ అక్కకూ తెలిసిన దారి. సాయంత్రం పిల్లాడు పలక పట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు దిద్దిస్తారు. ఆ అమరికలో తెలివి కూడా ఉంది. క వర్గం గొంతు దగ్గర మొదలై, ప వర్గానికి వచ్చేసరికి పలుకు పెదవుల మీదికి వస్తుంది. పెద్దయ్యాక నిఘంటువు చూడాలన్నా ఆ వరసే కావాలి.

చిక్కల్లా కాలంతోనే. అచ్చులు 16, హల్లులు 36, ఆపైన గుణింతాలు 500కు పైగా, ఆ తర్వాత ఒత్తులు. ఇవన్నీ పూర్తయ్యాకే చదవడం అనుకుంటే ఏడాది గడిచిపోతుంది. ఙ, ఞలు దిద్దిన వారంలో పిల్లాడికి కొత్తగా చదవగలిగే మాట ఒక్కటీ దొరకదు. కొన్నేళ్ల కిందట నా తరగతిలో ఒక బాబు వర్ణమాల మొత్తం పాటలా అప్పజెప్పేవాడు. ఒకరోజు చార్టు మీద మిగతావన్నీ కాగితంతో మూసి ‘ల’ ఒక్కటే చూపించాను. చూశాడు. తల దించుకుని, పెదాల్లోనే ‘క’ దగ్గర మొదలుపెట్టి, వేళ్లు మడుచుకుంటూ వచ్చి ‘ల’ దగ్గర ఆగాడు. వాడికి వరస వచ్చు, అక్షరం రాదు. అది చూశాక నాకు చాలా రోజులు మనసు మనసులో లేదు.

పదాలతో మొదలుపెట్టడానికి తెలుగు లిపిలోనే ఒక సౌకర్యం ఉంది. మన హల్లులో ‘అ’ ముందే కలిసి ఉంటుంది. తలకట్టు అక్షరాలు రెండు పక్కపక్కన పెడితే చాలు, మాట తయారు. నేను ఆరు అక్షరాలు తీసుకున్నాను: ప, వ, ల, డ, క, త. వీటితో పడవ, వల, పలక, తల, కల, తడక, పడక వస్తాయి. మూడు వారాలు పట్టింది. ఒక పాప ‘వ’ కింద వేలు పెట్టింది, తర్వాత ‘ల’ కింద పెట్టింది. రెండుసార్లు లోలోపల అనుకుంది. “వల!” అని అరిచి, పలక ఎత్తి చూపించి, “మా అయ్యకాడ ఉంది మేస్టారూ” అంది. వాళ్ల నాన్న ఆ సమయానికి వేటకు వెళ్లి ఉన్నాడు. ఆ రోజంతా ఆ పాప పలక చెరపలేదు.

నా మటుకు తేల్చేది ఇదే. పిల్ల మొదట చదివే మాట తన ఇంట్లోది అయి ఉండాలి. అక్షరం వెనక తనకు తెలిసిన వస్తువు ఉందని ఒక్కసారి తెలిస్తే, తర్వాతి అక్షరాన్ని తానే అడుగుతుంది. ఈ జిల్లాకు ఇది కొత్త సంగతి కాదు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు రాశారు. మన పిల్లలు తెలుగువాళ్లే, నిజమే. కానీ ఇంట్లో ‘ఏటి’, ‘కూకో’ అనే పిల్లకు పుస్తకంలోని తెలుగు కొంత పరాయిదే. మెట్టు ఎక్కడ వేయాలో చూసుకోవాలి.

ఇందులో లోపం లేదనను. కొందరు మొదటి అక్షరం చూసి ఊహించేస్తారు. ‘పలక’ చూపిస్తే ‘పడవ’ అంటారు. అందుకే అదే మాటను విడదీసి, అక్షరాలు తారుమారు చేసి మళ్లీ పేర్పిస్తాను. గుణింతానికి వచ్చాక వరస తప్పనిసరి. అక్కడ పాత పద్ధతిదే పైచేయి, కా కి కు అని గొంతెత్తి చెప్పించాల్సిందే.

మరి కథ చదివి వినిపించడం? అది ఈ రెంటికీ పోటీ కాదు. ఏ పద్ధతి పట్టినా రోజూ పది నిమిషాలు ఉండాల్సిందే. చదివాక ప్రశ్నలు అడగను. అడిగితే పిల్లలు కథ వదిలేసి జవాబు వెతుక్కుంటారు. కథల కోసమే 1997లో కథానిలయం అనే గ్రంథాలయం కట్టుకున్న శ్రీకాకుళం మాది, అయినా పల్లెల్లో పిల్లల పుస్తకాలు దొరకవు. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో మొదటి స్థాయి తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసి, స్టేప్లర్ కొట్టి, తాడు మీద బట్టల క్లిప్పులతో వేలాడదీశాను. బీరువాకు తాళం వేస్తే ఆ పుస్తకాలు ఉన్నా లేనట్టే.

ఫోన్లో అక్షరాల యాప్‌లు సరదాకు పావుగంట చాలు.

అడిగిన తల్లులకు నేను చెప్పేది ఒకటే. అ ఆలు దసరా లోపు వస్తాయి, కంగారు పడకండి. ఈలోగా పిల్లాడు ఇంటికి తెచ్చిన కాగితం పుస్తకం పక్కన కూర్చుని వినండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. తప్పు చదివాడో లేదో రేపు నేను చూసుకుంటాను.