గుణుపురం వైపు మిషన్ ఆసుపత్రి: పక్షవాతమా, కట్లపామా?

తెల్లవారుజామున కడుపునొప్పి, పొద్దెక్కేసరికి రెప్పలు వాలిపోవడం, గుటక దిగకపోవడం. ఇలా వస్తే ఇక్కడ మొదట అడిగేది "రాత్రి నేల మీద పడుకున్నారా?" అని. సరైన ప్రశ్న అదే; కట్లపాము ఎక్కువగా రాత్రి నేల మీద నిద్రపోయేవాళ్లనే కాటేస్తుంది. కట్లపాము కాటుకు గాటు కనబడకపోవచ్చు, వాపూ ఉండదు; పాము విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వకుండా చేసిందా అని చూసే 20 నిమిషాల పరీక్ష కూడా మామూలుగానే వస్తుంది. అది చూసి పాము కాదనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. గిలాన్ బారే అనే, నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే జబ్బులో నీరసం ఎక్కువగా కాళ్ల నుంచి పైకి పాకుతుంది, కట్లపాము కాటులో కళ్ల నుంచి కిందికి దిగుతుంది. సిస్టర్లు గంటగంటకూ ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టిస్తారు. 20 దాటకపోతే ఊపిరి కండరాలు అలిసిపోతున్నట్టే. విరుగుడు మందు 10 వయల్స్‌తో వెంటనే మొదలెడతారు. వెంటిలేటరు మాత్రం ఒక్కటే. అది ఖాళీ లేకపోతే ఊపిరి అందించే ఆంబూ బ్యాగును చేత్తో నొక్కుకుంటూ విశాఖ దాకా తీసుకెళ్లాల్సిందే.