పిస్తోలు కోసం కుట్టిన హ్యాండ్‌బ్యాగ్: 14 నెలలు మోశాక నా మాట

ఈ బ్యాగ్ మా వదిన డల్లాస్‌లో కొనిచ్చింది. నల్లతోలు, పట్టుకోవడానికి రెండు చేతి పట్టీలు, భుజానికి అడ్డంగా వేసుకునే పొడుగు పట్టీ ఒకటి. చూసేవాళ్లకి మామూలు హ్యాండ్‌బ్యాగే. మధ్యలో మాత్రం వేరే జిప్పుతో ఒక అర ఉంది, పైనుంచి చూస్తే కంటికి ఆనదు. పక్కనుంచి కుడిచెయ్యి అయినా ఎడమచెయ్యి అయినా అందులోకి దూరుతుంది. లోపల వెల్‌క్రోతో అంటించే చిన్న ఒర. అది పిస్తోలు పెట్టుకోవడానికి. పిస్తోలు పైకి కనపడకుండా వెంట ఉంచుకోవడాన్ని అక్కడ కన్సీల్డ్ క్యారీ అంటారు, దానికోసమే ఆడవాళ్లకి ఇలాంటి బ్యాగులు కుట్టి అమ్ముతారు.

నేను బెంగళూరు త్యాగరాజనగర్‌లో ఒంటరిగా ఉంటాను. వయసు 69, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర పిస్తోలు లేదు, కావాలని కూడా లేదు. అయినా ఈ బ్యాగ్ లేకుండా గడప దాటి 14 నెలలైంది. ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ ప్రాణం మీదికి తెచ్చేదో నా ఈడు వాళ్లకి చెప్పాలని రాస్తున్నాను.

ముందు వదిన సంగతి. ఆమెకి 71. మాది హిందూపురం, ఆమెది కదిరి. అన్నా వదినా నలభై ఏళ్ల కిందట వెళ్లి అక్కడే పౌరులయ్యారు. చీమకి కూడా కీడు తలపెట్టని మనిషి. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు, అలాంటామె బ్యాగులో పిస్తోలు ఉందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. రెండు రోజులు ముభావంగా తిరిగాను. మూడో రాత్రి చిక్కుడుకాయలు తుంచుతూ తనే కదిపింది.

అన్నకి బైపాస్ అయిన నెలన్నరకి, చీకటి పడ్డాక సరుకుల కొట్టు నుంచి కారు దగ్గరికి వస్తున్నారట. ఒక మనిషి వెనకే వచ్చాడు. వీళ్లు కారెక్కి తలుపులు వేసుకున్నాక అద్దం మీద గుద్దుతూ నిలబడ్డాడు. అన్న రొమ్ము మీద కుట్లింకా మానలేదు. వదిన చేతులు వణికి తాళంచెవి కింద పడిపోయింది. ఎందుకో ఆ మనిషే విసుక్కుని వెళ్లిపోయాడు. ఏమీ జరగలేదు. "ఏమీ జరగలేదు కాబట్టే నిద్ర పట్టలేదు అమ్మాయ్" అంది. "మీ అన్న పరిగెత్తలేడు. నేను తొయ్యలేను. ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు, రారని కాదు. వాళ్లు వచ్చేదాకా ఆ నాలుగు నిమిషాలు మాకెవరు దిక్కు?"

ఆ నాలుగు నిమిషాల మాట నన్ను పట్టుకుంది. పెద్ద వయసులో భయం దొంగ మీద కాదు, మన ఒంటి మీద. ముప్పై ఏళ్లప్పుడు ఎదురుతిరిగినా తిరగకపోయినా, తిరగగలననే ధీమా ఉంటుంది. మోకాళ్లు అరిగాక అది పోతుంది. ప్యూ అనే సర్వే సంస్థ 2023లో అడిగితే అమెరికాలో తుపాకీ ఉన్నవాళ్లలో 72 శాతం మంది ఆత్మరక్షణే ముఖ్య కారణమన్నారు. వదిన పిస్తోలు లైసెన్సు కోసం చదివిన క్లాసులో సగానికి పైగా తెల్లజుట్టు వాళ్లేనట. ఊరికి దూరంగా పొలంలో ఒంటరిగా ఉండే విధవరాలు ఒకామె, రెండు మోకాళ్లూ మార్పించుకున్న లారీ డ్రైవరు ఒకాయన, మతిమరుపు వచ్చిన భార్యని చూసుకుంటున్న ముసలాయన ఒకరు.

వదిన ఉండే టెక్సాస్ రాష్ట్రంలో 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టం అడ్డులేని 21 ఏళ్లు నిండినవాళ్లకి పిస్తోలు వెంట ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అయినా వదిన కష్టపడి తీసుకుంది. వేలిముద్రలిచ్చి, క్లాసులో కూర్చుని, రాతపరీక్ష రాసింది. ఎప్పుడు బలప్రయోగం చెయ్యొచ్చు, గొడవని మాటలతో ఎలా చల్లార్చాలి, ఇంట్లో పిల్లల చేతికి అందకుండా ఎలా దాచాలి, ఇవన్నీ చెప్పారట. తర్వాత కాల్పుల పరీక్ష: 50 తూటాలు, 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250 మార్కులకి 175 వస్తే పాస్. వదినకి 221 వచ్చాయి. టీచర్ని కదా, ఆ కాగితం అడిగి మరీ చూశాను.

ఒకరోజు నన్నూ కాల్పులు సాధన చేసే చోటికి తీసుకెళ్లింది. నేను అద్దం వెనకే కూర్చున్నాను. టూరిస్టు వీసా మీద వెళ్లినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేతపట్టకూడదని అక్కడి కేంద్ర చట్టం, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. పిల్లల దగ్గరికి వెళ్లి సరదాకి తుపాకీ పట్టుకుని ఫొటోలు దిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అద్దం వెనకనుంచి నేను చూసింది వదిన వేళ్లని. పిస్తోలు పై భాగాన్ని వెనక్కి లాగితేగానీ తూటా ఎక్కదు. కీళ్లవాతం ఉన్న చేతికి అది ఎంత కష్టమో నాకు తెలుసు, నాకు ఊరగాయ జాడీ మూతే రాదు. ఇలాంటి చేతుల కోసమే తేలిగ్గా లాగొచ్చే పిస్తోళ్లు వచ్చాయి, స్మిత్ అండ్ వెస్సన్ వాళ్లు 2018లో తెచ్చిన షీల్డ్ ఈజీ అలాంటిదే. వదినది అదే.

దుకాణాల గుమ్మాల మీద 30.06 అని ఒక బోర్డు ఉంటుంది, అంగుళం ఎత్తు అక్షరాలతో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ. లైసెన్సు ఉన్నా పిస్తోలు దాచుకుని లోపలికి రావొద్దని దానర్థం. ఎర్రటి 51 శాతం బోర్డుంటే అది సగానికి పైగా తాగుడు అమ్మకం మీదే బతికే చోటు, అక్కడికీ పిస్తోలు తేకూడదు. వదిన ప్రతి గుమ్మం ముందూ ఒక్క క్షణం ఆగి చదివేది. మనం గుడి ముందు చెప్పులు విడిచినంత అలవాటుగా.

బ్యాగ్ దగ్గరికి వస్తాను. వదిన పిస్తోలు ఇలాంటి బ్యాగులోనే ఉంచుకునేది. ఇప్పుడు నడుముకి కట్టుకుంటుంది, ఎందుకో నాకు చెప్పింది. 2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రంలో ఒక తల్లి రెండేళ్ల కొడుకుని దుకాణం బండిలో కూర్చోబెట్టుకుని సరుకులు కొంటోంది. ఆమె బ్యాగుకి సరిగ్గా ఇలాంటి జిప్పు అరే ఉంది, ఆ క్రిస్మస్‌కి బహుమతిగా వచ్చిన బ్యాగు. పసివాడు ఆ జిప్పు తీశాడు. తల్లి అక్కడికక్కడే పోయింది. బ్యాగ్ అన్నాక కింద పెడతాం, కుర్చీకి తగిలిస్తాం, మనవడి పక్కన వదిలేస్తాం. వొంటిని అంటిపెట్టుకోని ఆయుధం ఎవరి చేతికైనా పోతుంది. పిస్తోలు కోసమే అయితే ఈ బ్యాగుకి నేను సున్నా మార్కులు వేస్తాను.

ఇంకో మాట కూడా ఆ ఇంట్లోనే జరిగింది. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. భార్య పోయి ఒంటరైన ముసలివాళ్ల ఇంట్లో తుపాకీ ఉంటే దొంగ కంటే ముందు ఆ ఒంటరితనమే దాన్ని అందుకోవచ్చు. మతిమరుపు మొదలైతే కన్నకొడుకే దొంగలా కనపడొచ్చు. వదిన ఇది దాటవేయలేదు. ఏ రోజు కోడలు వచ్చి "అత్తయ్యా, ఇక ఇచ్చెయ్యండి" అంటే ఆ రోజు కారు తాళాలతో పాటు పిస్తోలూ ఇచ్చేస్తానని కాగితం మీద రాసి పెట్టింది. ఆ కాగితం చదివాక ఆమె మీద నా కోపం పోయింది.

నాకిచ్చింది ఎప్పుడూ పిస్తోలు పెట్టని కొత్త బ్యాగ్. ఈ విషయంలో నేను గట్టిగా అడిగి తెచ్చుకున్నాను. వాడిన బ్యాగులో మూల ఒక్క తూటా మిగిలిపోయినా ఇక్కడి విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. మరిచిపోయి తెచ్చామని నిరూపించుకోవడానికి హైకోర్టుల దాకా తిరిగినవాళ్లున్నారు.

ఇక ఇక్కడి వాడకం. ఒర అరలో పెప్పర్ స్ప్రే, పక్కన పిన్ను లాగితే కూతపెట్టే అలారం. ముందు అరలో మాత్రలు, బస్ పాస్, ఇంటి తాళం. రోజూ తెల్లవారి అయిదున్నరకి కృష్ణారావు పార్కుకి నడుస్తాను, వస్తూ గాంధీబజార్లో పూలు. నిరుడు మా వీధిలోనే ముగ్గు వేస్తున్న ఆమె మెడలో గొలుసు బైక్ మీద వచ్చినవాళ్లు తెంపుకుపోయారు. గొలుసు పోయింది సరే, ఆమె పడి తుంటి ఎముక విరిగింది. ఆ ఇంటికి వెళ్లొచ్చాక ఈ బ్యాగు పట్టీని మొదటిసారి సరిగ్గా చూశాను.

ఈ బ్యాగులో పెద్ద లోపం ఆ పట్టీయే. కత్తితో కోసినా తెగకుండా లోపల ఉక్కు తీగ వేశారు. అమ్మేవాళ్లు అదే గొప్పగా చెప్పుకుంటారు. నడిచి వచ్చే దొంగకి అది సరిపోతుందేమో. బైక్ మీదివాడు లాగితే పట్టీ తెగదు, మనిషిని ఈడ్చుకుపోతుంది. అడ్డంగా వేసుకున్న పట్టీ మెడ దగ్గర బిగుసుకుంటుంది. 69 ఏళ్ల ఎముకలకి బ్యాగ్ పోవడం కంటే పడిపోవడం ప్రమాదం.

గాంధీబజార్ దగ్గర చెప్పులు కుట్టే ఒకాయన ఉన్నాడు, చిత్తూరు వైపు మనిషి. పట్టీని కోసి, లాగితే ఊడేట్టు చెయ్యమన్నాను. "గట్టిగా కుట్టమనేవాళ్లే గానీ ఊడేట్టు కుట్టమన్న వాళ్లని చూళ్లేదమ్మా" అన్నాడు. ముగ్గువేసే ఆమె సంగతి చెప్పాను. ఇక మాట్లాడలేదు. తీగ కత్తిరించి, రెండు పెద్ద టిచ్ బటన్లు వేసి, మూడు కిలోల బియ్యం సంచీ వేలాడదీసి చూపించాడు. బరువుకి నిలిచింది, విసురుగా లాగితే ఊడింది. 150 రూపాయలు తీసుకున్నాడు. అలారం పిన్ను తాడు పట్టీ నా వైపు ముక్కకి కట్టాం. వాడు బ్యాగ్ లాక్కుంటే పిన్ను నా దగ్గర ఉండిపోతుంది, బ్యాగ్ వాడి చేతిలో అరుస్తుంది. ఈ ఉపాయం ఆయనదే.

అలారం పెట్టె మీద 130 డెసిబెల్స్ అని ఉంది. మా మేడ మీద లాగితే రెండిళ్ల అవతలివాళ్లు బయటికొచ్చారు, అది చాలు. స్ప్రే మాత్రం చూసి కొనండి. మొదట కొన్నదానికి పైన తిప్పే తాళం, నా బొటనవేలికి తిరగలేదు. రెండోది మూత లేపి నొక్కేది, దాంతో పని జరిగింది. మిరపకాయ ఘాటే కాబట్టి గాలి మనవైపు ఉంటే మనకే కొడుతుంది. మేడమీద ఒకసారి కొట్టి చూసి అరగంట దగ్గాను. గాలి చూసుకోవడం అలా నేర్చుకున్నాను. గడువు తేదీ డబ్బా మీద ఉంటుంది, క్యాలెండర్లో రాసుకోండి.

మిగతా లోపాలు చిన్నవి. ఖాళీగానే కిలో పైన తూగుతుంది. వానకి తోలు బూజు పడుతుంది. చీరకట్టుకి అర కొంచెం కిందికి వస్తుంది, పట్టీ రెండు రంధ్రాలు పైకి బిగించుకోవాలి.

మన దగ్గర తుపాకీ గురించి కూడా కనుక్కున్నాను. 2014లో కాన్పూర్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసమని నిర్భీక్ అనే రివాల్వర్ తెచ్చింది, అరకిలో బరువు, అప్పటి ధర లక్షా ఇరవై రెండు వేల చిల్లర. నా పెన్షన్‌కి అదే ఎక్కువ. నగరంలో లైసెన్సు పోలీస్ కమిషనర్ ఇవ్వాలి, ప్రాణభయం ఉందని చూపించాలి, 2016 రూల్స్ ప్రకారం శిక్షణ కూడా ఉంది. మా ఎదురింటి కొడగు (కూర్గ్) ఆయనకి ఆ బాధ లేదు, అక్కడి కొడవ కులంవాళ్లకి లైసెన్సు మినహాయింపు ఉంది, కైల్ పొళ్దు పండగకి ఆయుధాలకి పూజ చేసే కులం. ఆయన తుపాకీ బీరువాలోనే ఉంటుంది. "వీధిలోకి తీసుకెళ్లేది కాదు మేడమ్" అంటాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, పార్కుకి వెళ్లే దారిలో బైక్ ఒకటి నా పక్కన నెమ్మదించింది. ఇద్దరు కుర్రాళ్లు, హెల్మెట్లు. నా చెయ్యి అరలోకి పోయి మూత లేపేసింది. వాళ్లకి కనపడలేదు. వెనక కూర్చున్నవాడు హెల్మెట్ తీసి, "ఆంటీ, ఇక్కడ డయాలిసిస్ సెంటర్ ఎక్కడ?" అని కన్నడలో అడిగాడు. ముందున్నవాడు వాళ్ల నాన్న ఫైలు చంకలో పెట్టుకుని ఉన్నాడు. దారి చెప్పాను. వాళ్లు వెళ్లాక అక్కడే కల్వర్టు మీద కూర్చున్నాను. నా బొటనవేలు కింద ఉన్నది మిరప నీళ్లు. అది పిస్తోలై ఉంటే, చీకట్లో, నా కళ్లజోడుతో, నా గుండెదడతో. ఆ రాత్రే వదినకి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నాకూ అదే భయం అమ్మాయ్, రోజూ" అంది.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు 112తో పాటు 1090 కూడా ఫోన్లో పెట్టుకోండి. బెంగళూరు నగర పోలీసులూ నైటింగేల్స్ మెడికల్ ట్రస్టూ కలిసి 2002 నుంచి నడుపుతున్న పెద్దల హెల్ప్‌లైన్ అది.

బ్యాగుకి నా మార్కులు: ఆ అరకి పదికి తొమ్మిది, పట్టీకి రెండు, టిచ్ బటన్లు వేయించాక ఎనిమిది. హిందూపురంలో మా అక్కకి ఇలాంటిదే ఒకటి పంపమని వదినకి చెప్పాను. గోధుమరంగు దొరికిందట, వచ్చే నెల ఎవరో వస్తుంటే పంపిస్తానంది. రాగానే ముందు గాంధీబజార్‌కి తీసుకెళ్తాను.